పెరుగన్నంలో అల్లం ముక్క, పేగులో బుల్లి ఆర్ఎన్ఏ

పలమనేరు నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "బాబుకి యాంటీబయాటిక్‌తో పాటు ప్రోబయాటిక్ క్యాప్సూల్స్ కూడా రాసిచ్చారు. ఇంట్లో తోడేసిన పెరుగు చాలదా సార్?"

పెరుగు మంచి ఆహారం, మానొద్దమ్మా. కానీ ప్రోబయాటిక్ అనే మాటకు 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి ఒక నిర్వచనం ఇచ్చాయి: తగినంత మోతాదులో తీసుకుంటే ఒంటికి మేలు చేసే, బతికున్న సూక్ష్మజీవులు. ఏ రకం, ఎన్ని అన్నది తెలిసి ఉండాలి. మన తోడులో ఉండే బ్యాక్టీరియా ఇంటింటికీ మారుతుంది, ఎండాకాలానికి ఒకలా చలికాలానికి ఒకలా ఉంటుంది. క్యాప్సూల్‌లో బౌలార్డీ అనే ఈస్ట్ ఉంటే యాంటీబయాటిక్ దాన్ని చంపలేదు, అది బ్యాక్టీరియా కాదు కాబట్టి. లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా అయితే రెండు మందులకీ మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకి మాత్రం డాక్టర్ చెప్పకుండా ఇవి ఇవ్వకూడదు. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి. విరేచనాలు అవుతున్న బిడ్డకి నీళ్లు పట్టకూడదనే నమ్మకం ఇంకా మన ఊళ్లలో ఉంది. అది ప్రాణం తీసే నమ్మకం. ఓఆర్ఎస్ ఆపకండి.

ఇక ఆ బ్యాక్టీరియా లోపలికి వెళ్లి చేసే పని సంగతి. అరుగుదలకు సాయం చేస్తుంది, చెడ్డ క్రిముల్ని తరిమేస్తుంది అని అందరూ రాసేదే. అది మన కణాల్లో ఏ జన్యువు మాట చెల్లాలో, ఏది చెల్లకూడదో కూడా మార్చగలదు. ఆ పనికి వాడుకునే దారుల్లో ఒకటి మైక్రోఆర్ఎన్ఏ, అంటే కణంలో ఉండే ఒక బుల్లి ఆర్ఎన్ఏ ముక్క.

ఇంటర్ బైపీసీలో ఎంఆర్ఎన్ఏ, టీఆర్ఎన్ఏ, ఆర్ఆర్ఎన్ఏ అని మూడు పేర్లు బట్టీ పట్టించి వదిలేస్తాం. ప్రొటీన్ తయారు చేయని, సుమారు 22 అక్షరాల పొడవున్న ఈ ముక్కని 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ బృందాలు ఒక మిల్లీమీటరు పొడవున్న పురుగులో పట్టుకున్నాయి. 2024లో ఆ ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఇది పనిచేసే తీరు మన తిరుపతి వాళ్లకి చెప్పడం తేలిక. తిరుమల ప్రసాదాలకు దిట్టం ఉంటుంది కదా, ఏ సరుకు ఎంత వేయాలో రాసిన లెక్క. ఆ దిట్టం పుస్తకం డీఎన్ఏ అనుకోండి. పుస్తకం బయటికి రాదు. ఈ పూటకి కావలసిన ఒక్క వంటకం లెక్కని చీటీ మీద ఎక్కించి పోటులోకి, అంటే గుడి వంటశాలలోకి పంపుతారు. ఆ చీటీ ఎంఆర్ఎన్ఏ, అది చదివి ప్రొటీన్ అనే వంటకాన్ని వండేది రైబోజోమ్. చీటీ అడుగున, లెక్క అయిపోయిన తర్వాత, కొంచెం రాత మిగులుతుంది. దాన్ని ఎవరూ వండరు. మైక్రోఆర్ఎన్ఏ వచ్చి అంటుకునేది అక్కడే. ఆర్గోనాట్ అనే ప్రొటీన్ దాన్ని పట్టుకుని చీటీల మధ్య తిరుగుతుంది. 22 అక్షరాలూ జతపడక్కర్లేదు. రెండో అక్షరం నుంచి ఎనిమిదో అక్షరం దాకా, అంటే ఏడు అక్షరాలు కుదిరితే చాలు. చీటీ చదవడం ఆగుతుంది, ఆ తర్వాత చీటీ చిరిగిపోతుంది. ఏడే అక్షరాలు కాబట్టి అవే అక్షరాలు వందల చీటీల అడుగున ఉండొచ్చు. అందుకే ఒకే మైక్రోఆర్ఎన్ఏ వందల వంటకాల్ని ఒకేసారి తగ్గిస్తుంది. పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు, అయినా ఆ పూట వడ్డన మారిపోయింది!

పేగు లోపలి పొర ఒకే ఒక్క కణం మందం. కణానికీ కణానికీ మధ్య సందు రాకుండా ఆక్లూడిన్, జెడ్ఓ అనే ప్రొటీన్లు బిగించి ఉంచుతాయి. వాపు వచ్చినప్పుడు టీఎన్ఎఫ్ ఆల్ఫా అనే వాపు సంకేతం పెరుగుతుంది, అది మైక్రోఆర్ఎన్ఏ-122ఎ ని పెంచుతుంది, అది ఆక్లూడిన్ చీటీని చింపేస్తుంది, సందులు తెరుచుకుంటాయి. ఇది 2011లో తేలింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో చుట్టూ అందరికీ జిగట విరేచనాలు పట్టుకున్నా ఒక సైనికుడికి ఏమీ కాలేదు. అతని మలం నుంచి ఆల్‌ఫ్రెడ్ నిస్లే అనే జర్మన్ డాక్టర్ 1917లో వేరుచేసిన ఈ-కోలై బ్యాక్టీరియా రకం ఇప్పటికీ ప్రోబయాటిక్‌గా వాడుకలో ఉంది. ఈ బిగింపు ప్రొటీన్ల చీటీలకు అంటుకునే మైక్రోఆర్ఎన్ఏలకీ ఈ నిస్లే రకం చూపే ప్రభావానికీ సంబంధం ఉందని ల్యాబ్‌లో పెంచిన పేగు కణాల మీద చూశారు.

రాగి సంగటి తినేవాళ్లు ఇంకో దారి కూడా తెలుసుకోవాలి. అందులోని పీచుని పెద్దపేగు బ్యాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లం తయారు చేస్తుంది. అది జన్యువుల పనిని అదుపుచేసే హిస్టోన్ డీఎసిటైలేజ్ ఎంజైముల్ని ఆపుతుంది. పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో మైక్రోఆర్ఎన్ఏ-106బి దాంతో తగ్గుతుంది, ఆ మైక్రోఆర్ఎన్ఏ అణచిపెట్టిన పీ21 ప్రొటీన్ పైకి లేస్తుంది, కణ విభజనకు కళ్లెం పడుతుంది.

ఈ రాకపోకలు ఒకవైపే కాదు. 2016లో హార్వర్డ్ పరిశోధకులు చూపించింది నాకు అన్నిటికంటే ఆశ్చర్యం. మన పేగు కణాలే మైక్రోఆర్ఎన్ఏలను బయటికి వదులుతాయి, అవి బ్యాక్టీరియా లోపలికి దూరి వాటి జన్యువుల పనిని, పెరుగుదలని మారుస్తాయి. పేగు కణాల్లో డైసర్ అనే ఎంజైము లేని ఎలుకలు ఈ మైక్రోఆర్ఎన్ఏలను సరిగా తయారు చేసుకోలేవు. వాటి పేగులో బ్యాక్టీరియా సమతూకం చెడింది, పేగు వాపు ముదిరింది. మామూలు ఎలుకల మలం నుంచి తీసిన ఆర్ఎన్ఏ ఇస్తే కోలుకున్నాయి.

2018లో వచ్చిన ఇంకో పని దద్దోజనం ఇష్టపడేవాళ్ల కోసమే చేశారా అనిపిస్తుంది. అల్లంలో కొవ్వు పొర కప్పుకున్న నానో కణాలు ఉంటాయి, వాటిలో చిన్న ఆర్ఎన్ఏలు. వాటిని లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ మింగుతుంది. ఫాస్ఫాటిడిక్ ఆమ్లం అనే కొవ్వు ఉన్న పొర అంటే దానికి ఇష్టం. లోపల ఒక ఆర్ఎన్ఏ వైసీఎన్ఈ అనే మోనోఆక్సిజినేజ్ ఎంజైము జన్యువును అణచివేస్తుంది. దాంతో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి ఇండోల్-3-కార్బాక్సాల్డిహైడ్ అనే రసాయనం ఎక్కువగా తయారవుతుంది, అది కణాల్లోని ఏహెచ్ఆర్ అనే గ్రాహకాన్ని మేల్కొలుపుతుంది, పేగు పొరను కాపాడే ఇంటర్‌లూకిన్-22 అనే సంకేత ప్రొటీన్ పెరుగుతుంది, పేగు పొర గట్టిపడుతుంది. మొక్క రాసిన చీటీని బ్యాక్టీరియా అందుకుంటే, దాని ఫలితం ఎలుక పేగులో కనిపించింది.

ఎలుకలో, మనిషిలో కాదు. ఇచ్చింది కూడా అల్లం నుంచి ప్రత్యేకంగా వేరుచేసిన కణాలు, పోపులో వేగిన ముక్కలు కావు. 2012లో బియ్యంలోని మైక్రోఆర్ఎన్ఏ మనుషుల రక్తంలో కనబడిందని, ఎలుకల కాలేయంలో జన్యువుల్ని మార్చిందని చైనా నుంచి వచ్చిన పరిశోధన పెద్ద సంచలనం. తర్వాత వేరే ల్యాబుల్లో చేస్తే అది నిలబడలేదు. అల్లం కథలో ఆర్ఎన్ఏ మన రక్తం దాకా రావాల్సిన పని లేదు, పేగులోని బ్యాక్టీరియాని చేరితే చాలు. అందుకే దాని మీద నాకు ఎక్కువ నమ్మకం.

పుంగనూరు ఆవు పాలు తోడేస్తే అందులో ఏ బ్యాక్టీరియా పెరుగుతుందో, దాన్ని పేగు కణాల మీద వేస్తే ఏ మైక్రోఆర్ఎన్ఏ పెరుగుతుందో, ఏది తగ్గుతుందో చదవాలని నాకు చాలా ఆశ. వెటర్నరీ యూనివర్సిటీ, ఐసర్ అనే సైన్స్ విద్యా పరిశోధన సంస్థ రెండూ తిరుపతి చుట్టుపక్కలే ఉన్నాయి. ఇది చదివే ఎమ్మెస్సీ పిల్లలెవరైనా ప్రాజెక్టు కోసం వెతుకుతుంటే ముందు నాలుగు ఇళ్ల తోడు తెచ్చి, అందులో ఏ రకాలున్నాయో చూడటంతో మొదలుపెట్టండి.