స్కూల్ కౌన్సెలర్ ఉద్యోగం: డెబ్బై ఏళ్లుగా కాగితం మీదే

మా మేనకోడలు ఎమ్మెస్సీ సైకాలజీ పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటోంది. జాబ్ సైట్లలో "కౌన్సెలర్" అని కొడితే ఒక్క హైదరాబాద్‌లోనే బోలెడు ప్రకటనలు వచ్చాయట. సంబరపడి వరసపెట్టి ఫోన్లు చేసింది. మొదటి వాళ్లు నెలకి ఎన్ని అడ్మిషన్లు తేగలవమ్మా అన్నారు, రెండో వాళ్లు బండి ఉందా అన్నారు, మూడో వాళ్లు టార్గెట్ దాటితే ఇన్సెంటివ్ ఇస్తామన్నారు. రాత్రి నాకు ఫోన్ చేసి, "అత్తా, ఇది కౌన్సెలర్ పోస్టా, చిట్టీలు కట్టించే పనా?" అని అడిగింది.

తప్పు ఆ పిల్లది కాదు. ఆ మాటే మన దగ్గర ఎప్పుడో దారి తప్పింది. ఎంసెట్ ర్యాంకు వచ్చిన ఇంట్లో కౌన్సెలింగ్ అంటే సర్టిఫికెట్ల ఫైలు, ఆప్షన్లు, సీటు. టీచర్ల ఇంట్లో అయితే బదిలీలు. ఇక పోలీసుల దగ్గర కౌన్సెలింగ్ అంటే తాగి బండి నడిపి దొరికిన వాళ్లకీ రౌడీషీటర్లకీ ఇచ్చేది, దాని సంగతి చెప్పక్కర్లేదు. ఒక పిల్లాడి ఎదురుగా కూర్చుని వాడు చెప్పేది వినడం అనే అర్థం ఈ మూడూ అయ్యాక ఎక్కడో చివర ఉంటుంది. నేను ఒక ప్రైవేటు స్కూల్లో ఈ పని పన్నెండేళ్లుగా చేస్తున్నా, ఇప్పటికీ మా బంధువుల్లో సగం మంది నేను అడ్మిషన్లు చూస్తాననే అనుకుంటారు.

అసలు ఈ ఉద్యోగం పుట్టింది పిల్లల మనసు గురించి కాదు, వాళ్లకి పని దొరకడం గురించి. అమెరికాలో 1908 జనవరిలో బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన ఒక వొకేషన్ బ్యూరో తెరిచాడు. చదువు మధ్యలో ఆపేసి ఏ పని దొరికితే ఆ పనిలో పడిపోతున్న కుర్రాళ్లని, వలస వచ్చిన వాళ్ల పిల్లల్ని కూర్చోబెట్టి, నీకేం వచ్చు, బయట ఏ పనులున్నాయి, ఈ రెండింటికీ పొత్తు ఎక్కడ కుదురుతుంది అని లెక్కగా చూడటం ఆయన పద్ధతి. తమాషా ఏమిటంటే, పార్సన్స్ ఇంజినీరింగ్ చదివి, రైల్వేలో పనిచేసి, లాయరై, లా కాలేజీలో పాఠాలు చెప్పి, బోస్టన్ మేయర్‌గా కూడా పోటీ చేశాడు. ఏ ఒక్క పనిలోనూ కుదురుగా నిలవని మనిషి ఊరందరికీ పని ఎంచుకోవడం నేర్పాడన్నమాట. బ్యూరో తెరిచిన ఏడాదే చనిపోయాడు, పుస్తకం 1909లో వచ్చింది. ఆ తర్వాత అక్కడ ఈ ఉద్యోగం బళ్లలోకి పెద్ద ఎత్తున వచ్చింది పిల్లల మీద ప్రేమతో కూడా కాదు, 1957లో రష్యా వాళ్లు స్పుత్నిక్ ఎగరేశారు కాబట్టి. సైన్సు పిల్లల్ని ముందే పట్టుకోవాలని మరుసటి ఏడాది చేసిన జాతీయ రక్షణ విద్యా చట్టంలో స్కూలు కౌన్సెలర్ల శిక్షణకి డబ్బు పెట్టారు. సరే, కారణం ఏదైనా డబ్బు పెట్టారు. పోస్టులు వచ్చాయి. ఈ రెండు ముక్కలూ గుర్తుపెట్టుకోండి, మన కథలో లేనివి అవే.

మన దేశంలో మొదలు మరీ ఆలస్యం ఏమీ కాలేదు. 1938లోనే కలకత్తా విశ్వవిద్యాలయంలో అప్లైడ్ సైకాలజీ విభాగం పెట్టి ఈ దిశగా పరిశోధన మొదలుపెట్టారు. 1941లో బొంబాయిలో బాట్లీబాయ్ అనే రిటైరైన చార్టర్డ్ అకౌంటెంట్ తన పేరుతో ఒక గైడెన్స్ బ్యూరో తెరిచారు. 1947లో అక్కడే పార్సీ పంచాయతీ వాళ్లు ఇంకొకటి పెట్టారు. కొద్దిమందితో నడిచిన ప్రయత్నాలు ఇవి. పెద్ద అడుగు 1952-53 నాటి సెకండరీ విద్యా కమిషన్‌తో పడింది. దాని అధ్యక్షుడు ఎ. లక్ష్మణస్వామి మొదలియార్, మద్రాసు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్, పుట్టింది మన కర్నూలులో. ఆ కమిషన్ మల్టీపర్పస్ స్కూళ్లు పెట్టమంది. పిల్లలందరినీ ఒకే గాడిలో తోయకుండా సైన్సు, కామర్సు, వ్యవసాయం, టెక్నికల్, గృహవిజ్ఞానం, లలితకళలు, హ్యుమానిటీస్ అని ఏడు దారులు. ఏడు దారులున్నప్పుడు ఎవరు ఎటు వెళ్లాలో చెప్పేవాళ్లు కావాలి కదా, అందుకని బళ్లలో గైడెన్స్ ఆఫీసర్లు, కెరీర్ మాస్టర్లు ఉండాలంది. 1954లో ఢిల్లీలో ఒక కేంద్ర గైడెన్స్ బ్యూరో వచ్చింది, తర్వాత అది 1961లో పుట్టిన ఎన్‌సీఈఆర్‌టీలో కలిసింది. మన ఊళ్లలో కొన్ని పాత సర్కారు బళ్లని పెద్దవాళ్లు ఇప్పటికీ మల్టీపర్పస్ హైస్కూల్ అంటారే, అది ఆ కాలపు పేరే. పేరు మిగిలింది, ఆ ఏడు దారులూ పోయాయి, దారి చూపాల్సిన మనిషి అవసరమూ వాటితోపాటే పోయిందనుకున్నారు.

1966లో కొఠారీ విద్యా కమిషన్ కొంచెం నేల మీదికి దిగింది. ప్రతి బడికీ కౌన్సెలర్‌ని ఇవ్వలేం కాబట్టి కనీసం పది సెకండరీ బళ్లకి ఒకరు చొప్పున తిరిగి చూసే కౌన్సెలర్‌ని పెట్టమంది. పదింటికి ఒకరు. అరవై ఏళ్ల కిందటి ఆ కనీసం కూడా ఇప్పటికీ మన మండలాల్లో లేదు, ఉందంటే నాకు చూపించండి.

మరి ఇన్నేళ్లూ మన పిల్లలు పదో తరగతి తర్వాత ఏం చదవాలో ఎవరు చెప్పారు? పీఆర్వోలు చెప్పారు. ఈ మాట వెటకారానికి అనడం లేదు. సంక్రాంతి వెళ్లగానే, ఇంకా పబ్లిక్ పరీక్షలు రాయకముందే, కార్పొరేట్ కాలేజీ పీఆర్వో ఇంటికి వస్తాడు. చేతిలో బ్రోచర్, దాని నిండా ర్యాంకుల ఫొటోలు. అబ్బాయి పేరు ముందే తెలుసు, మార్కులు ముందే తెలుసు. ఎంపీసీనా బైపీసీనా అనేదే ప్రశ్న, మూడోది లేదు. "ఇప్పుడు కడితే రాయితీ అండీ, ఫిబ్రవరి దాటితే నా చేతుల్లో ఉండదు" అంటాడు, వాళ్ల నాన్న లోపలికెళ్లి అడ్వాన్స్ తెస్తాడు. అబ్బాయి పక్క గదిలో చదువుకుంటూ ఉంటాడు. పార్సన్స్ చెప్పిన మూడు ముక్కల్లో మొదటిదాని ఊసే లేదు, రెండోది రెండు పేర్లకి కుదించేశారు, మూడోది ఫీజు రసీదు. ఆ పీఆర్వో కూడా పాపం చాలాసార్లు జీతం చాలని లెక్చరరే, వేసవిలో అడ్మిషన్లు తేకపోతే ఉద్యోగం ఉండదని తిరుగుతుంటాడు. కాబట్టి జాబ్ సైట్లలో ఇప్పుడు "కౌన్సెలర్" అని కనిపిస్తున్నది ఆ పీఆర్వో ఉద్యోగానికి పెట్టిన కొత్త పేరు, అంతే.

మాట మళ్లీ మనసు వైపు తిరిగింది చావుల వల్ల. రాయడానికి బాధగానే ఉంది కానీ వరస అదే. సీబీఎస్ఈ పరీక్షల టెన్షన్ గురించి మాట్లాడటానికి టెలి కౌన్సెలింగ్ పెట్టింది 1998లో. మన దగ్గర 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లి, రోజుల వ్యవధిలో 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నప్పుడు, టీవీల్లో "కాలేజీల్లో కౌన్సెలర్లు ఏరీ" అని గట్టిగా అడిగారు. జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల్లో 2022లో దేశం మొత్తం మీద ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది. అందులో పరీక్ష తప్పడమే కారణమని రాసినవి 2,248. మిగతా పదివేల పైచిలుకు గురించి ఎవరూ మాట్లాడరు, ఇంటర్ ఫలితాల రోజున హడావిడి చేసే మీడియా కూడా.

2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా మన గడ్డ మీద జరిగిన ఘటన నుంచి వచ్చిందే. పశ్చిమ బెంగాల్ నుంచి విశాఖపట్నం వచ్చి నీట్ కోచింగ్ తీసుకుంటున్న పదిహేడేళ్ల అమ్మాయి 2023లో చనిపోయింది. తండ్రి సీబీఐ విచారణ కోరుతూ ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి వెళ్లాడు, అక్కడ కుదరలేదు, సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఒప్పుకుని ఊరుకోకుండా దేశం మొత్తానికి 15 మార్గదర్శకాలు రాసింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న ఒక కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలి. వీలైనంత వరకు మార్కులని బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ. టెలిమానస్ లాంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో పెద్దగా రాసిపెట్టాలి (టెలిమానస్ నంబరు 14416, ఎవరికి అవసరమైనా చేయొచ్చు).

ఆ బ్యాచ్‌ల ముక్క చదివినప్పుడు నాకు ఒక పిల్లాడు గుర్తొచ్చాడు. తొమ్మిదో తరగతి. హోంవర్క్ చేయడం లేదని టీచరు చీటీ రాసి నా గదికి పంపింది. లోపలికి రాడు, గుమ్మం దగ్గరే చేతులు కట్టుకుని నిలబడి, "మేడమ్, నేనేం తప్పు చేశాను?" అన్నాడు. కౌన్సెలింగ్ అంటే వాడికి తెలిసిన అర్థం పోలీసు స్టేషన్‌ది. కూర్చోబెట్టి నోట్సు చూపించమంటే అట్ట మీద లేబుల్ మందంగా ఉంది, వేలితో తడిమితే కింద ఇంకో లేబుల్. యూనిట్ టెస్టులో మార్కులు తగ్గాయని వాడిని 'ఏ' సెక్షన్ నుంచి 'సీ' సెక్షన్‌కి మార్చారు. అది ఇంట్లో చెప్పలేదు. బడికొచ్చాక 'సీ' లేబుల్, ఇంటికెళ్లేముందు దాని మీద 'ఏ' లేబుల్. రోజూ, ఏడు నోట్సులకీ. హోంవర్క్ చేయడానికి నోట్సు ఇంట్లో తెరిస్తే అమ్మ చూస్తుందని తెరవట్లేదు. వాడితో మాట్లాడటానికి నాకు అరగంట పట్టింది, వాళ్లమ్మతో ఇంకో అరగంట. ఈ ఉద్యోగం చేసేవాళ్లు ఏం చేస్తారు అని అడిగితే నేను ఈ లేబుళ్ల సంగతే చెబుతాను.

సరే, ఈ పనిలోకి రావాలంటే ఏం చదవాలి? సీబీఎస్ఈ అఫిలియేషన్ నియమాలు సెకండరీ, సీనియర్ సెకండరీ స్కూళ్లలో కౌన్సెలర్ ఉండాలంటాయి. 2026 మొదట్లో ఆ నియమాలు మార్చేవరకు సైకాలజీలో డిగ్రీనో పీజీనో, చైల్డ్ డెవలప్‌మెంట్‌లో పీజీనో, లేదంటే ఏదైనా డిగ్రీతోపాటు కెరీర్ గైడెన్స్, కౌన్సెలింగ్ డిప్లొమానో ఉంటే సరిపోయేది. ఎన్‌సీఈఆర్‌టీ ఏడాది డిప్లొమా ఉంది, కొంత దూరవిద్య, కొంత ముఖాముఖి, చివర ఇంటర్న్‌షిప్. మనకి దగ్గర్లో స్టడీ సెంటర్ మైసూరు. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో సైకాలజీ ఎప్పటినుంచో ఉంది. అన్నట్టు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కె. రామకృష్ణారావుగారు 1967లో పెట్టిన శాఖ పేరు సైకాలజీ, పారాసైకాలజీ శాఖ. అతీంద్రియ శక్తుల మీద పరిశోధనకి మన దగ్గర ఒక శాఖ దొరికింది, బడి పిల్లల కోసం ఒక పోస్టు మాత్రం దొరకలేదు.

పోస్టు అన్నాను కదా, అసలు చిక్కు అక్కడే. 2024లో తెలంగాణ డీఎస్సీలో 11,062 పోస్టులు వేశారు. స్కూల్ అసిస్టెంట్లు, ఎస్జీటీలు, భాషా పండితులు, పీఈటీలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి స్పెషల్ టీచర్లు. 2025లో ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీలో 16,347. రెండింటిలోనూ కౌన్సెలర్ అనే కేటగిరీయే లేదు. కేటగిరీ లేకపోతే సర్వీస్ రూల్స్ ఉండవు, రూల్స్ లేకపోతే ఖాళీ ఉన్నట్టు కూడా ఎవరూ లెక్కగట్టలేరు. ఢిల్లీలో ప్రభుత్వ బళ్లకి గైడెన్స్ కౌన్సెలర్ అని ప్రత్యేకంగా పోస్టు ఉంది, దానికి పరీక్ష పెట్టి తీసుకుంటారు, కాబట్టి చేయలేనిదేమీ కాదు. కేంద్రీయ విద్యాలయాల్లో ఏడాదికోసారి ఇంటర్వ్యూ పెట్టి కాంట్రాక్టు మీద తీసుకుంటారు. మిగిలింది ప్రైవేటు స్కూళ్లు, అక్కడ యాజమాన్యం ఎలాంటిదైతే ఉద్యోగం అలాంటిది. పైగా క్లినికల్ సైకాలజిస్టుకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ కావాలి గానీ స్కూల్ కౌన్సెలర్‌కి అలాంటి లైసెన్సు ఏదీ లేదు, మూడు రోజుల ఆన్‌లైన్ కోర్సు చేసినవాళ్లూ, రెండేళ్లు పీజీ చేసినవాళ్లూ ఒకే బోర్డు పెట్టుకుంటారు.

అమెరికా వెళ్లిన మనవాళ్లు, ముఖ్యంగా ఇక్కడ సైకాలజీ చదివి అక్కడ మళ్లీ మొదలుపెట్టాలనుకునే ఆడపిల్లలు, ఈ మధ్య నన్ను తరచూ అడుగుతున్నారు. అక్కడ దాదాపు ప్రతి రాష్ట్రంలోనూ మాస్టర్స్, రాష్ట్ర లైసెన్సు ఉండాల్సిందే. గుర్తింపు పొందిన కోర్సుల్లో 100 గంటల ప్రాక్టికమ్ (పర్యవేక్షణలో చేసే సాధన), 600 గంటల ఇంటర్న్‌షిప్ ఉంటాయి. 250 మంది పిల్లలకి ఒకరు ఉండాలని అక్కడి కౌన్సెలర్ల సంఘం అంటుంది, చాలా రాష్ట్రాలు అక్కడికి చేరలేదు. అయినా గొడవ అక్కడ సంఖ్య మీద, ఉద్యోగం ఉండాలా వద్దా అని కాదు.

మేనకోడలికి నేను చెప్పింది ఒకటే. ఇంటర్వ్యూలో జీతం కంటే ముందు మూడు అడగమన్నా: ఆర్డర్లో నా హోదా ఏమని రాస్తారు, రాని టీచర్ల బదులు వారానికి ఎన్ని సబ్‌స్టిట్యూషన్ పీరియడ్లు వేస్తారు, నా గదికి తలుపు ఉందా. పోయిన నెల సిటీ చివర ఒక స్కూల్లో చేరింది. హోదా "ఇంగ్లిష్ టీచర్ కమ్ కౌన్సెలర్" అని రాశారట, వారానికి పద్దెనిమిది పీరియడ్లు ఇంగ్లిష్. గది స్పోర్ట్స్ రూమ్ పక్కన, సగం క్యారమ్ బోర్డులే. తలుపు ఉంది, గడియ లేదు. పిల్లలు మాట్లాడుతుంటే ఎవరో ఒకరు బంతి కోసం తోసుకుని వస్తున్నారట. గడియ పెట్టించమంటే లెటర్ రాసిమ్మన్నారు. రాసిచ్చింది, ఇంకా రాలేదు, ప్రస్తుతానికి తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుంటోంది.