టైరుకు జ్వరం

అమ్మీ, అబ్బోడా,

మొన్న తిరుమల దిగి అలిపిరి దగ్గర టీకి ఆగినప్పుడు చిన్నమ్మి టైరు మీద చెయ్యి పెట్టి, "తాతా, దీనికి జ్వరమొచ్చిందా?" అంది. మీ నాయన నవ్వేశాడు. నాకు మాత్రం ఆ మాట ఇంటికొచ్చినా వదల్లేదు.

ఒక ఇనుప తీగ ముక్క తీసుకుని, ఒకే చోట పదిహేనుసార్లు అటూ ఇటూ వంచి, అక్కడ తాకండి. చురుక్కుమంటుంది. చిన్నప్పుడు చిత్తూరులో మా చక్రాల బండ్లకు తీగ కావాలంటే ఇట్లాగే వంచి వంచి తెంపేవాళ్లం. ఒకసారి తెగిన కొనను నోట్లో పెట్టుకుని నాలుక కాల్చుకున్నాను. మా అవ్వ నాలుక మీద బెల్లం పెట్టి, వీపు మీద రెండు పెట్టింది.

టైరూ అంతే. నేలకు తాకిన చోట బరువుకు నొక్కుకుంటుంది, పైకి పోగానే సర్దుకుంటుంది. కిలోమీటరుకు ఐదొందలసార్లకు పైగా ఇదే పని. గాలి తక్కువైతే మరీ ఎక్కువ వంగుతుంది, మరీ వేడెక్కుతుంది. చివరికి తీగ తెగినట్టే హైవే మీద టైరు పగులుతుంది. తీగలో గాలి ఉండదు కదా అని అబ్బోడు అడుగుతాడు. నిజమే, నా పోలిక అక్కడ కుంటుతుంది.

వేడికి లోపలి గాలి ఒత్తిడీ పెరుగుతుంది. ఒక మే నెలలో చంద్రగిరి దగ్గర గాలి చూపిస్తే 33 ఉండాల్సింది 37 ఉంది. అక్కడి కుర్రాడు బుస్సుమని నాలుగు పాయింట్లు తీసేశాడు, నేనూ బుద్ధిలేక తలూపాను. తెల్లారి చూస్తే 29! బండి మూడు గంటలైనా నిలబడి చల్లారాకే గాలి చూడాలి.

మనం దిగింది 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు. మీ నాయన దారంతా బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. ఆ వేడి కూడా చక్రానికే పాకింది. చిన్న గేరులో దిగితే బండిని ఇంజనే పట్టి ఉంచేది. ఈ ముక్క నేను చెబితే వినడు, మీరు చెప్పండి.

రేపు పొద్దున బండి తీయకముందే నాలుగు టైర్లూ తాకి చూడండి. డ్రైవర్ తలుపు తెరిస్తే అంచున ఒక స్టిక్కర్ ఉంటుంది, ఎంత గాలి పెట్టాలో దాని మీదే ఉంటుంది. ఎక్కడికైనా పోయి వచ్చాక మళ్లీ తాకండి, మధ్యలోని రిమ్మును మాత్రం వద్దు, చెయ్యి కాలుతుంది. ఎండలో నిలిపిన రోజు ఎండ వైపు టైరుకూ నీడ వైపు టైరుకూ ఎంత తేడా ఉందో నాకు రాయండి.

మీ తాత