వైన్: బెజవాడ ఎండలో, గుంటూరు కారంతో – అపోహలు, వాస్తవాలు

విజయవాడలో ఒక హోటల్ రెస్టారెంట్‌కి వైన్ లిస్టు తయారు చేయడం, సర్వీసు కుర్రాళ్లకు వైన్ గురించి నేర్పడం నా ఉద్యోగం. మా టేబుళ్ల దగ్గర రోజూ వినే మాటల్లో చాలావరకు ఎవరో చెప్పగా విన్నవే, తాగి చూసి తెలుసుకున్నవి తక్కువ. వాటివల్ల మంచి సీసాకు కూడా మన ఊళ్లో న్యాయం జరగడం లేదని నా బాధ. దాచుకోవడానికి కొనే ఖరీదైన వైన్ల జోలికి ఇక్కడ పోను. ఆదివారం ఇంట్లో నలుగురు కూర్చుని భోజనంతో పాటు తాగే మామూలు వైన్ల గురించే రాస్తున్నాను. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండినవాళ్లకే మద్యం అన్న సంగతి గుర్తుంచుకుని చదవండి.

అపోహ: వైన్ తియ్యగా ఉండాలి. లేదంటే పాడైనట్టే.

ఇది పోర్ట్ వైన్ పుణ్యం. మన షాపుల్లో తక్కువ ధరకు దొరికేది గోవా పోర్ట్, చాలామందికి మొదటి గుటక దానితోనే. అసలు పోర్ట్ పోర్చుగల్‌లోని డోరో లోయది. ఆ ప్రాంతానికి 1756లోనే హద్దులు గీశారు. ద్రాక్షరసం పులుస్తుండగా మధ్యలో ద్రాక్ష స్పిరిట్ పోసి ఆపేస్తారు కాబట్టి చక్కెర మిగిలిపోతుంది, ఆల్కహాల్ 20 శాతం దాకా చేరుతుంది. భోజనం అయ్యాక చిన్న గ్లాసులో తాగేది అది. మామూలు వైన్‌లో చక్కెరను ఈస్ట్ దాదాపు పూర్తిగా తినేస్తుంది. లేబుల్ మీద డ్రై అంటే అర్థం అదే, తీపి లేదని. పులుపు, వగరు ఉంటే పాడైనట్టు కాదు. వెనిగర్ ఘాటు గానీ, తడిసిన అట్టపెట్టె వాసన గానీ వస్తే అప్పుడు నిస్సంకోచంగా వెనక్కి పంపండి.

అపోహ: రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లోనే తాగాలి.

మా దగ్గర అన్నిటికంటే ఎక్కువ వైన్‌ను పాడుచేస్తున్న మాట ఇదే. ఆ రూమ్ యూరప్‌లోని పాతకాలపు ఇల్లు. అక్కడి గది 16 నుంచి 18 డిగ్రీలు. బెజవాడలో మే నెలలో బయట 40 దాటుతుంది, ఏసీ వేసిన గది కూడా 25 దగ్గర ఉంటుంది. ఆ వేడిలో రెడ్ వైన్ పోస్తే ముక్కుకు ముందు తగిలేది స్పిరిట్ ఘాటు. పండు వాసన దాని వెనక ఎక్కడో ఉండిపోతుంది. నాలుక మీద బరువుగా, జామ్‌లా అనిపిస్తుంది.

షిరాజ్ అనే రెడ్ వైన్ ఒకే సీసాలోంచి రెండు గ్లాసులు పోయండి. ఒకటి బల్ల మీద ఉంచి, రెండోది అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. రెండూ పక్కపక్కన పెట్టుకుని వాసన చూడండి. చల్లటి గ్లాసులో నల్ల ద్రాక్ష, మిరియాల వాసన విడివిడిగా తెలుస్తాయి. బల్ల మీది గ్లాసులో అన్నీ కలిసిపోయి ఉంటాయి. మా కుర్రాళ్లకు ట్రైనింగ్ మొదలుపెట్టేది ఈ రెండు గ్లాసులతోనే. ఆ తర్వాత ఎవరికీ రెడ్ వైన్ చల్లబరచమని మళ్లీ చెప్పాల్సి రాదు. వైట్ వైన్‌కి తప్పు రెండో వైపు జరుగుతుంది. గడ్డకట్టేంత చల్లగా ఇస్తే రుచే తెలియదు. ఫ్రిజ్‌లోంచి తీసి పది నిమిషాలు ఆగి పోస్తే చాలు.

దాచడంలోనూ ఇంతే. వంటింటి అటక, ఫ్రిజ్ పైభాగం, ఎండలో నిలిపిన కారు డిక్కీ, ఈ మూడూ వైన్‌కు శత్రువులు. వేడికి లోపలి వైన్ వ్యాకోచించి కార్క్‌ను పైకి తోస్తుంది. సీసా మూతి దగ్గర జిగట కనిపించినా, కార్క్ ఉబ్బినట్టున్నా షాపులోనే వద్దనండి.

అపోహ: కారం తినేవాళ్లకు వైన్ పనికిరాదు.

గుంటూరు నుంచి వచ్చే గెస్టులు ఎక్కువగా అనే మాట ఇది. వాళ్లు అలా అనడానికి కారణం ఉంది. కోడి వేపుడు పక్కన బాగా వగరున్న క్యాబర్నె అనే రెడ్ వైన్ పోసుకుని ఉంటారు. మిరపలోని క్యాప్సైసిన్ నాలుక మీద రుచిలా కాకుండా మంటలా పనిచేస్తుంది. ఆల్కహాల్ ఆ మంటను పెంచుతుంది. పైగా రెడ్ వైన్‌లో టానిన్ ఉంటుంది, నేరేడు పండు తిన్నాక నాలుకకు పట్టే వగరులాంటిది. కారం మీద అది మరీ గరుకుగా తగులుతుంది. బిర్యానీ బరువైన తిండి కాబట్టి బరువైన రెడ్ అన్న లెక్క మన మసాలా దగ్గర తప్పుతుంది.

కారానికి కావాల్సింది టానిన్ తక్కువ, ఆల్కహాల్ 12, 12.5 శాతం దగ్గర, చల్లగా, వీలైతే కాస్త తీపి మిగిలి ఉన్న వైన్. నాసిక్‌లో చేసే షెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్లలో అలాంటివి ఉన్నాయి. ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. ఏది తేల్చుకోలేకపోతే రోజే, అంటే గులాబీ రంగు వైన్ తీసుకోండి. వేపుడైనా బిర్యానీ అయినా అది సర్దుకుపోతుంది.

పులుపు సంగతి వేరు. మనం దీన్ని అసలు పట్టించుకోం గానీ, నా దృష్టిలో ఆంధ్ర భోజనానికి అసలు చిక్కు ఇక్కడే ఉంది. తిండిలో పులుపు వైన్‌లోని పులుపును మించితే వైన్ చప్పగా అయిపోతుంది. గోంగూర మాంసంతో మెర్లో అనే మెత్తటి రెడ్ వైన్ తాగి చూడండి, నీళ్లలా ఉంటుంది. ఇటలీలోని టస్కనీ ద్రాక్ష సాంజోవేజె సహజంగా పుల్లటిది, అక్కడి టమాటా వంటలకు అలవాటుపడ్డది. మహారాష్ట్రలో అక్లూజ్ దగ్గర ఫ్రాటెల్లి అనే వైన్ కంపెనీ వాళ్లు దాన్ని పండిస్తున్నారు. కారం కాస్త తగ్గించి వండిన గోంగూర మాంసానికి నేను చెప్పేది అదే, కొంచెం చల్లబరిచి. చింతపండు చేపల పులుసుకైతే పుల్లటి వైట్ వైన్ సావిన్యాన్ బ్లాంక్ నిలబడుతుంది. ఆవకాయ అన్నానికి మాత్రం ఏ వైనూ వద్దు. ఆ ముద్ద పక్కన మంచినీళ్లే బాగుంటాయి.

అపోహ: రోజూ గ్లాసు రెడ్ వైన్ గుండెకు మంచిది, ఒంటికి రంగు తెస్తుంది, అయినా అది మందు కిందకు రాదు.

ఈ వ్యాపారంలో ఉన్నవాడిగా దీన్ని గట్టిగా చెప్పడం నా బాధ్యత. ఫ్రెంచివాళ్ల గుండెకు రెడ్ వైనే రక్ష అన్న ప్రచారం 1991లో ఒక అమెరికన్ టీవీ కార్యక్రమంతో ఊపందుకుంది. గుండెకు మేలు చేస్తుందని చెప్పే రెస్వెరట్రాల్ అనే పదార్థం వైన్‌లో ఉండేది చాలా స్వల్పం. ఆరోగ్యానికి ఏ మోతాదు మద్యమూ సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. రంగు రావడమన్నది వట్టి మాట.

ఇక బలం లెక్క చూడండి. 13 శాతం వైన్ 150 మిల్లీలీటర్ల గ్లాసులో దాదాపు 19.5 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. 42.8 శాతం విస్కీ 30 మిల్లీలీటర్ల పెగ్గులో ఉండేది 13 కంటే తక్కువే. 750 మిల్లీలీటర్ల వైన్ సీసా మొత్తంలో 97 పైచిలుకు, 180 మిల్లీలీటర్ల విస్కీ క్వార్టర్‌లో 77. అంటే ఒక్కరే సీసా ఖాళీ చేస్తే క్వార్టర్ దాటినట్టే. వైనే కదా అని బండి తీసేవాళ్లకు మేం క్యాబ్ పిలిచి పంపుతాం.

తలనొప్పికి, వైన్ చెడిపోకుండా కలిపే సల్ఫైట్లే కారణమనీ అంటారు. మామూలుగా రెడ్ కంటే వైట్‌లోనే అవి ఎక్కువ, తలనొప్పి ఫిర్యాదు మాత్రం రెడ్ మీదే వస్తుంది. నీళ్లు తాగకుండా, ఖాళీ కడుపుతో తాగడం మానేసి చూడండి.

అపోహ: పాతబడేకొద్దీ వైన్ బాగవుతుంది. తిప్పి తీసే మూత, అంటే స్క్రూ క్యాప్ ఉంటే నాసిరకం.

మామూలు వైన్‌ను త్వరగా తాగడానికే తయారు చేస్తారు. వైట్, రోజే కొనేటప్పుడు లేబుల్ మీద సంవత్సరం చూసి కొత్తదే తీసుకోండి. స్క్రూ క్యాప్‌ను న్యూజిలాండ్, ఆస్ట్రేలియా వైనరీలు 2000 ప్రాంతం నుంచి కావాలనే ఎంచుకున్నాయి, కార్క్ వల్ల వచ్చే అట్టపెట్టె వాసన బెడద ఉండదని.

అపోహ: ఫారిన్ వైనే అసలు వైన్. ధర ఎక్కువైతే రుచి ఎక్కువ.

దిగుమతి వైన్ మీద మన దేశంలో ఏళ్ల తరబడి 150 శాతం కస్టమ్స్ సుంకం ఉంటూ వచ్చింది, దానిపైన రాష్ట్ర పన్నులు. కాబట్టి మీరు ఎక్కువ పెట్టి కొన్న సీసా తన ఊళ్లో సూపర్‌మార్కెట్ అరలో ఉండే మామూలు వైనే కావచ్చు. ఒకే వైన్‌కు ఎక్కువ ధర చెప్పి తాగిస్తే అది ఎక్కువ బాగుందని జనం చెప్పినట్టు 2008లో వెలువడిన ఒక అమెరికా ప్రయోగంలో తేలింది. 1976లో పారిస్‌లో పేర్లు కప్పి రుచి చూపిస్తే, ఫ్రెంచి న్యాయనిర్ణేతలే కాలిఫోర్నియా వైన్లకు మొదటి స్థానాలు ఇచ్చారు.

మన దగ్గర వైన్ వయసు చిన్నదే. బెంగళూరు పక్కన నంది హిల్స్‌లో గ్రోవర్ 1988లో మొదలైంది, నాసిక్‌లో సులా మొదటి వైన్ 2000లో వచ్చింది. అక్కడ చలికాలంలో తీగలు నిద్రపోవు. సెప్టెంబరు, అక్టోబరులో కొమ్మలు కత్తిరించి, జనవరి నుంచి మార్చిలోపు పండు కోస్తారు. ఫ్రాన్స్‌లో ద్రాక్ష కోత ముగిసే రోజుల్లో ఇక్కడ పంట మొదలవుతుందన్నమాట. ఇంత తేడాతో పండిన కాయకు రుచి వేరుగా ఉంటుంది, అందులో ఎక్కువ తక్కువలు వెతకడం దండగ.

పోల్చాలంటే ద్రాక్ష రకం ఒకటే ఉంచి ఊరు మార్చండి. షెనిన్ బ్లాంక్ అయితే నాసిక్‌ది, దక్షిణాఫ్రికాది, దొరికితే ఫ్రాన్స్‌లోని లువార్ నదీ తీరానిది. షిరాజ్ అయితే నాసిక్, ఆస్ట్రేలియా. నలుగురు కలిసి తలా ఒకటి కొంటే భారం కాదు. సీసాలకు న్యూస్‌పేపర్ చుట్టి అంకెలు వేయండి. గ్లాసుకు 50 మిల్లీలీటర్లు దాటొద్దు. మొదట తిండి లేకుండా వాసన, పులుపు, వగరు, మింగాక రుచి ఎంతసేపు నిలిచిందో ఎవరికి వారు కాగితం మీద రాసుకోండి, మాట్లాడుకోకుండా. తర్వాత రొయ్యల వేపుడో, గారెలో పెట్టుకుని అదే వరసలో మళ్లీ చూడండి. ఉప్పు, నూనె పడగానే వరస తారుమారవుతుంది. ఉత్తగా తాగినప్పుడు పుల్లగా ఉందని పక్కన పెట్టినదే పళ్లెం ముందు చాలాసార్లు ముందుకొస్తుంది. కాగితం చుట్టిన సీసా విప్పాల్సింది అప్పుడే.

అపోహ: మూత తీసిన సీసా ఆ రాత్రే ముగించాలి.

అక్కర్లేదు. మూత గట్టిగా బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి, రెడ్ అయినా సరే. మూడు నాలుగు రోజులు బాగానే ఉంటుంది. సీసాలో సగం కంటే తక్కువ మిగిలితే చిన్న సీసాలోకి అంచు దాకా నింపండి, గాలి తగలకపోతే ఇంకో రోజు అదనంగా నిలుస్తుంది.