నియంత దినచర్య మీద వ్యంగ్యం రాయబోయే పిల్లలకు

చిరంజీవులకు,

నియంత రోజు ఎలా గడుస్తుందో ఎగతాళి చేస్తూ రాయాలనుకుంటున్నారని విని సంతోషించాను. రాసేముందు అతని చుట్టూ ఉన్నవాళ్ల రోజు ఎలా గడుస్తుందో తెలుసుకోండి. అసలు సరుకంతా అక్కడే ఉంది.

స్టాలిన్ రాత్రిళ్లు పనిచేసేవాడు. ఎప్పుడు పిలుపొస్తుందోనని మంత్రులు, అధికారులు తెల్లవారుజాము దాకా ఆఫీసుల్లోనే కూర్చునేవారు. 1953 మార్చి 1న ఆయన గదిలోంచి బయటికి రాలేదు. పిలవకుండా లోపలికి వెళ్లే ధైర్యం కాపలావాళ్లకు లేకపోయింది. రాత్రి బాగా పొద్దుపోయాక చూస్తే పక్షవాతంతో నేలమీద పడి ఉన్నాడు. 1944 జూన్ 6న ఫ్రాన్స్ తీరంలోని నార్మండీలో శత్రుసైన్యం దిగుతుంటే హిట్లర్‌ని ఎవరూ నిద్ర లేపలేదు. ఆయన అనుమతి కావలసిన ట్యాంకు దళాలు మధ్యాహ్నం దాకా ఆజ్ఞ కోసం ఎదురుచూశాయి. తాను పెట్టిన భయం తననే ముంచిన ఇలాంటి గంటలు ఏరుకోండి.

రోజంతా రాయక్కర్లేదు. లేవడం, బిరుదులు చదివించుకోవడం, భోజనం, ప్రసంగం, రాత్రి వార్తలు: ఐదు ఘట్టాలు, ఒక్కోటి రెండు మూడు వాక్యాలు. గొంతు మాత్రం సర్కారీ ప్రకటనలా బిగుసుకుని ఉండాలి. ‘ఉదయం 11 గంటలు. మహానేత మేల్కొన్నారు. సూర్యోదయమైనట్టు ఇందుమూలంగా ప్రకటించడమైనది. అంతకుముందే పొలాలకు వెళ్లిన రైతులపై విచారణకు ఆదేశించడమైనది.’ నవ్వించే మాట పక్కన ఆశ్చర్యార్థకం పెట్టారా, ఆ నవ్వు అక్కడే చస్తుంది.

ఎక్కువమంది చెడగొట్టేది అతిశయోక్తితో. తుర్క్‌మెనిస్తాన్‌లో అధ్యక్షుడు నియాజోవ్ 2002లో నెలల పేర్లే మార్చేసి జనవరికి తన బిరుదు, ఏప్రిల్‌కి తల్లి పేరు పెట్టాడు. రాజధానిలో ఆయన బంగారు పూత విగ్రహం సూర్యుడి వైపు తిరుగుతూ ఉండేది. జైర్‌లో (ఇప్పటి కాంగో) టీవీ వార్తలు నియంత మొబుటు మబ్బుల్లోంచి దిగివస్తున్న బొమ్మతో మొదలయ్యేవి. వీటిని మించి కల్పించబోతే ఓడిపోతారు. కిందికి దిగండి. ఆ విగ్రహం మోటారుకి నూనె వేసే మెకానిక్‌ని పట్టుకోండి. మబ్బు పట్టిన రోజున దాన్ని ఎటు తిప్పాలో అతను ఎవరిని అడగగలడు? అడిగితే ఏమవుతుంది? అక్కడ రాయండి.

రెండో ప్రమాదం ఇంతకన్నా పెద్దది: వెటకారం పొగడ్తగా చెల్లిపోవడం. 1974లో రొమేనియా అధ్యక్షుడైనప్పుడు చౌషెస్కు రాజదండం పట్టుకున్నాడు. చిత్రకారుడు సాల్వదోర్ డాలీ వెటకారంగా అభినందన తంతి పంపితే, పార్టీ పత్రిక దాన్ని నిజమైన పొగడ్తగా అచ్చేసింది. అందుకే ప్రతి ఘట్టంలోనూ జనానికి తగిలిన దెబ్బ ఒక్క వాక్యంలోనైనా కనబడాలి. అదే దేశంలో 1980లలో తిండికి రేషను, చలికాలం ఇళ్లలో వెచ్చదనం లేదు, టీవీ రోజుకి రెండు గంటలే, అందులోనూ ఎక్కువ భాగం ఆయనే. రాత్రి వార్తల ఘట్టానికి ఆ చలిగది కావాలి. అది లేకపోతే మీ నియంత ముద్దొచ్చే వెర్రివాడిగా మిగిలిపోతాడు, అతని చేతిలో చచ్చినవాళ్లకి అంతకంటే అన్యాయం లేదు.

పొట్ట, పొట్టితనం, నత్తి జోలికి పోకండి. అవి ఏ పాపం ఎరగనివాళ్లకీ ఉంటాయి. అతని ఆజ్ఞలు మాత్రం అతనివే.

పూర్తయ్యాక వార్తలు చదివే గొంతుతో పైకి చదవండి. అతని భజనపరులు మార్పు లేకుండా అచ్చేసుకోగల ఘట్టం ఏదైనా ఉంటే, దాన్ని కొట్టేసి మళ్లీ రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య