మెండెల్సన్ లెక్కలో పదమూడోది

జర్మన్ స్వరకర్త ఫెలిక్స్ మెండెల్సన్ పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల వయసులో తీగవాద్యాల కోసం రాసిన సింఫనీలను (పలు భాగాల వాద్య రచనలను) ఏ ఆర్కెస్ట్రా అయినా కచేరీలో పెడితే చాలు, పాత పంచాయితీ మళ్లీ మొదలవుతుంది. ఇవి నిజంగా సింఫనీలేనా, లేక తెలివైన పిల్లవాడి హోంవర్కా? టికెట్ కొన్న శ్రోతకు వీటిని వినిపించడం సబబేనా? ఇప్పుడు నడుస్తున్న వాదన కూడా ఇదే. దీని మూలం 1824 తొలి మూడు నెలల్లో ఉంది.

ఆ ఏడాది ఫిబ్రవరి 3న ఫెలిక్స్‌కు పదిహేనేళ్లు నిండాయి. అతను రాసిన ఒపేరాకు ఆ రోజు ఇంట్లో రిహార్సల్ జరిగింది. ఆ సందర్భంలోనే గురువు కార్ల్ ఫ్రీడ్రిష్ జెల్టర్ ముందుతరాల మహా స్వరకర్తలు మొజార్ట్, హైడన్, పెద్ద బాఖ్‌ల పేరు మీద శిష్యుడి చదువు ముగిసిందని ప్రకటించారు. జెల్టర్ మొదట్లో తాపీ మేస్త్రీ. అందుకే పని నేర్చుకునే కుర్రాణ్ని పనివాడిగా ఒప్పుకునే తమ వృత్తి ఆచారాన్నే ఇక్కడా పాటించారు. ‘అభ్యాసాలే’ అనేవాళ్లు ఈ ప్రకటననే గీతగా తీసుకుంటారు. గీతకు ముందు రాసినవన్నీ శిష్యరికపు రాతలని వాళ్ల మాట. మొదటి ఆరు సింఫనీలు మూడేసి భాగాలతో, పద్దెనిమిదో శతాబ్దపు మూసలో ఉన్నాయని కూడా గుర్తుచేస్తారు. అది నిజమే.

కానీ ఫెలిక్స్ ఆ గీతను పట్టించుకోలేదు. ఆ ఏడాదే మార్చి చివర్లో సి మైనర్ శ్రుతిలో పూర్తి ఆర్కెస్ట్రాకు సింఫనీ ముగించి, రాతప్రతి మీద 13 అని నంబరు వేసుకున్నాడు. 1 అని వేయలేదు. అంతకుముందు తీగవాద్యాలకు రాసిన పన్నెండూ అతని లెక్కలో సింఫనీలే. ఈ వివాదంలో ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు కనిపించదు. తర్వాత అచ్చులో ఆ సింఫనీ ఓపస్ 11 (ఓపస్ అంటే రచనల వరుస సంఖ్య), ‘మొదటి సింఫనీ’ అయింది. వెనకున్న పన్నెండూ లెక్కలోంచి జారిపోయాయి.

హోంవర్క్ అనే మాట ఇంకో కారణంగానూ నిలవదు. జెల్టర్ దగ్గర చేసిన అసలు అభ్యాసాల నోటుపుస్తకం విడిగా ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ లైబ్రరీలో దాన్ని భద్రపరిచారు. సింఫనీలు మాత్రం వాయించడానికి రాసినవి. బెర్లిన్‌లో మెండెల్సన్ ఇంట్లో ఆదివారం కచేరీలు జరిగేవి. వాటికి రాజాస్థాన ఆర్కెస్ట్రా కళాకారులను డబ్బిచ్చి పిలిపించేవారు. రాసింది అనుభవజ్ఞుల చేతుల్లో ఎలా మోగుతుందో ఆ కుర్రాడు అక్కడే వినేవాడు. అన్ని వసతులున్న ఇల్లు కాబట్టే అది సాధ్యమైందన్నది కాదనలేం.

ఆ వినికిడి ఫలితం ఎనిమిదో సింఫనీలో తెలుస్తుంది. 1822లో రాసిన ఈ డి మేజర్ సింఫనీ నెమ్మది భాగంలో వయొలిన్లు అసలే లేవు. వయొలిన్ కంటే కాస్త పెద్దదైన వయోలాకు మూడు పంక్తులు, వాటి కింద చెల్లో, బాస్ మాత్రమే. ఫెలిక్స్ స్వయంగా వయోలా వాయించేవాడు. ఆ వాద్యపు మధ్య స్థాయి గొంతు ఎంత బరువు మోయగలదో అతనికి బాగా తెలుసు. ఏ గురువూ పాఠంగా ఇవ్వని ఆలోచన ఇది. పైగా అదే సింఫనీని వెంటనే గాలివాద్యాలతో పూర్తి ఆర్కెస్ట్రాకు మార్చి రాశాడు. అంటే జెల్టర్ ప్రకటనకు ఏడాది ముందే అతను పెద్ద ఆర్కెస్ట్రాలోకి అడుగుపెట్టాడు. పదకొండో దాంట్లో స్విస్ పాటను తీసుకుని తాళవాద్యాలనూ కలిపాడు.

‘ఆయనే వీటిని అచ్చు వేయించలేదు కదా’ అన్నది ఎదుటివాళ్ల చివరి వాదన. 1833లో లండన్‌లో వినిపించిన ఇటాలియన్ సింఫనీని కూడా మెండెల్సన్ బతికుండగా అచ్చుకివ్వలేదు. అది 1851లో, ఆయన పోయిన నాలుగేళ్లకు వెలువడింది. దాన్ని ఎవరూ అభ్యాసం అనరు.

ఆ పన్నెండింటి దారి వేరైంది. 1874-77 మధ్య యూలియస్ రీట్స్ సంపాదకత్వంలో వచ్చిన రచనల సంపుటాల్లో వాటికి చోటు దక్కలేదు. 1878లో కుటుంబం ఇచ్చిన రాతప్రతులు బెర్లిన్ రాజ గ్రంథాలయానికి చేరాయి. నాజీల కాలంలో మెండెల్సన్ సంగీతం మీదే నిషేధం పడింది. 1936లో లైప్‌జిగ్‌లో ఆయన విగ్రహాన్ని కూల్చేశారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అదే లైప్‌జిగ్ నుంచి ఈ సింఫనీల సంపుటాలు అచ్చయ్యాయి. అంటే శ్రోతలు ఓపస్ 11ను ‘మొదటిది’గా వినడం అలవాటైన శతాబ్దానికి పైగా కాలం తర్వాతే ఇవి బయటికొచ్చాయి. చిన్నచూపుకు అసలు కారణం ఈ ఆలస్యమేనని నేను నమ్ముతున్నాను.

ఇప్పటి జాబితాల్లో 13 అని కనిపించేది 1823 డిసెంబరులో తీగవాద్యాలకు రాసిన ఒంటరి భాగం. ఫెలిక్స్ తన చేత్తో 13 వేసుకున్నదాన్ని 1 అంటున్నాం. పన్నెండోదానికీ, ఆ ఓపస్ 11కీ మధ్య దూరం ఆరు నెలలే. ఏ ఆర్కెస్ట్రా అయినా ఆ రెంటినీ ఒకే సాయంత్రం పక్కపక్కన వాయించాలి. మధ్యలో గీత ఎక్కడుందో శ్రోతలే చెబుతారు.