అండమాన్‌లో ఇంటికి నెట్: పెట్టె సర్దుకునే ముందు వదిలేయాల్సిన అపోహలు

అండమాన్‌కు బదిలీ అయినవాళ్లు, రిసార్టులో ఉద్యోగం దొరికినవాళ్లు, హైదరాబాద్ కంపెనీకి ఇక్కడి నుంచే పనిచేద్దామని వచ్చేవాళ్లు ఫోన్ చేస్తే ఇంటి అద్దె కంటే ముందు నెట్ సంగతే అడుగుతారు. పోర్ట్ బ్లెయిర్‌లో ఇళ్లకు ఫైబర్ లైన్లు వేయడం నా పని. (2024 సెప్టెంబరు నుంచి కాగితాల మీద ఇది శ్రీ విజయపురం. నోళ్లలో ఇంకా పాత పేరే నలుగుతోంది.) శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లు ఇక్కడ చాలామందే. వాళ్ల చుట్టాలు, వాళ్ల చుట్టాల స్నేహితులు అందరూ తిరిగి తిరిగి నా నంబరుకే చేరతారు. అందరి నోటా దాదాపు ఇవే మాటలు.

అపోహ: అక్కడ నెట్ అంతా ఉపగ్రహం మీదే. ఒక మెయిల్ తెరుచుకునేసరికి తెల్లారిపోతుంది.

2020కి ముందు ఇక్కడ ఉండి వెళ్లినవాళ్లు చెప్పే మాట ఇది. అప్పటికి నిజమే. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన ఫైబర్ కేబుల్ ప్రారంభమయ్యాక కథ మారిపోయింది. ద్వీపాల మధ్య వేసిన తీగతో కలిపి దాని పొడవు దాదాపు 2,300 కిలోమీటర్లు. వీడియో కాల్ చేసేవాళ్లకు అసలు లాభం స్పీడు కన్నా ఆలస్యం తగ్గడంలో ఉంది. అప్పట్లో ఇక్కడికి నెట్ ఇచ్చిన ఉపగ్రహం ఉండేది దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున. మీ మాట పైకెళ్లి కిందికి రావాలి, అవతలివాళ్ల జవాబూ అలాగే రావాలి. ఎంత గొప్ప పరికరం పెట్టినా ఆ దూరానికే అర సెకను పోతుంది. చెన్నైకి మనకు మధ్య సుమారు 1,200 కిలోమీటర్లు. గాజులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి రానూపోనూ పట్టేది పదిహేను మిల్లీసెకన్ల లోపే, దారిలోని పరికరాలు తినేది అదనం. మీటింగులో ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఇద్దరూ ఒకేసారి ఆగిపోయే ఇబ్బంది ఇక లేదు.

అపోహ: కేబుల్ వచ్చేసింది కదా, ఏ ద్వీపంలో ఏ ఇల్లు తీసుకున్నా పర్లేదు.

జనం దెబ్బతినేది ఇక్కడే. ముందు ద్వీపం సంగతి చూడండి. ఆ కేబుల్ ఒడ్డుకు చేరేది పోర్ట్ బ్లెయిర్, స్వరాజ్ ద్వీప్ (పాత హేవ్‌లాక్), లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లలో. డిగ్లీపూర్, మాయాబందర్ ఈ వరసలో లేవు. పోస్టింగ్ ఆర్డరులో "అండమాన్" అని చూసి అంతా ఒకటే అనుకోవద్దు.

ఇక ఇల్లు. సముద్రం దాటి 1,200 కిలోమీటర్లు వచ్చిన కాంతి, చివరి మూడు వందల మీటర్లలో ఆగిపోతుంది. గారాచర్మలోనో డాలీగంజ్‌లోనో వాలు మీద ఇల్లు ఉంటుంది, స్తంభం కింద రోడ్డు మీద ఉంటుంది, మధ్యలో పక్కవాళ్ల కొబ్బరి చెట్లు. స్తంభం మీద పెట్టెలో ఖాళీ పోర్టు (మీ ఇంటి వైరు తగిలించే చోటు) లేకపోతే, ఎదురింట్లో నెట్ పరుగులు పెడుతున్నా మీకు మాత్రం "వెయిటింగ్" అంటారు. ఇంటాయన "నెట్ ఉందండీ" అంటే నమ్మకండి. ఆయన ఫోన్‌లో డేటా వస్తోందని దాని అర్థం.

అడ్వాన్సు ఇచ్చే ముందు లైన్‌మన్‌ను ఇంటి దగ్గరికి పిలిపించుకోండి. పోర్టు ఖాళీగా ఉందా, వైరు ఎటు నుంచి లాగాలి, పక్కింటాయన ఒప్పుకుంటాడా, ఈ మూడూ అక్కడే తేల్చుకోండి. బిగించిన రోజు పవర్ మీటర్ (వైరులో వచ్చే కాంతి బలాన్ని కొలిచే పరికరం) రీడింగ్ చూపించమనండి. మైనస్ 20 dBm చుట్టుపక్కల ఉంటే నిశ్చింత. మైనస్ 27 దగ్గర ఉంటే ఈ రోజుకి నడుస్తుంది, మొదటి వానకి రూటర్ మీద ఎర్ర లైటు వెలుగుతుంది. ఎక్కడో జాయింటు సరిగా పడలేదన్నమాట. మళ్లీ వేయమని అడగండి, మొహమాటపడకండి. ఇక్కడ వాన మే నుంచి డిసెంబరు దాకా ఉంటుంది.

అపోహ: రెండు కంపెనీలవి పెట్టుకుంటే నెట్ పోనే పోదు.

సగం నిజం. కొబ్బరి మట్ట పడి మీ వీధి వైరు తెగితే రెండోది ఆదుకుంటుంది. ఇంటికి ఒక ఫైబరు, దానికి తోడు వేరే కంపెనీ సిమ్ము పెట్టుకోమనే నేనూ చెబుతాను. కానీ సముద్రంలో కేబుల్‌కు దెబ్బ తగిలితే బోర్డు మీద ఏ కంపెనీ పేరున్నా అందరికీ ఒకేసారి కష్టం, ఎందుకంటే అందరి బరువూ మోసేది ఆ ఒక్క దారే. ఉపగ్రహం ఆ భారమంతా ఎత్తుకోలేదు. సొరచేపలు కొరికేస్తాయన్న కథలు పక్కన పెట్టండి. ప్రపంచంలో ఇలాంటి కేబుళ్లు ఎక్కువగా తెగేది చేపల వలలకు, ఓడల లంగర్లకు. బాగుచేయడానికి ప్రత్యేకమైన ఓడ రావాలి. 2022 జనవరిలో అగ్నిపర్వతం పేలి టోంగా దేశపు కేబుల్ తెగినప్పుడు మెయిన్ ద్వీపానికి మళ్లీ లైను రావడానికి అయిదు వారాలు పట్టింది. మీ కంపెనీ "ఎక్కడి నుంచైనా పనిచేయొచ్చు" అన్నా, ఈ ముక్క మేనేజరు చెవిన ముందే వేసి ఉంచండి.

అపోహ: కరెంటు పోతే నెట్ కూడా పోతుంది.

ఇక్కడ కరెంటు ఎక్కువ భాగం డీజిల్ జనరేటర్ల నుంచే వస్తుంది, పోతూ వస్తూ ఉంటుంది. అయితే ఇళ్లకు వేసే ఫైబరు చాలావరకు స్తంభం మీద కరెంటు అక్కర్లేని రకం. పెట్టెలో ఉండేది కాంతిని చీల్చే గాజు ముక్క మాత్రమే. అవతల నెట్ కంపెనీ ఆఫీసులో బ్యాటరీ ఉంటుంది, ఇవతల మీ రూటరుకు ఒక మినీ యూపీఎస్ ఉంటే చాలు. ఇంటి ఇన్వర్టర్ కోసం వేలు పోయాల్సిన పని లేదు. కొనేటప్పుడు అడాప్టరు మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు సరిచూసుకోండి.

అపోహ: స్టార్‌లింక్ డిష్ ఒకటి తెచ్చుకుంటే ఈ గోలే ఉండదు.

ఉపగ్రహాల నుంచి నేరుగా ఇంటి డిష్‌కు నెట్ ఇచ్చే ఆ సంస్థకు మన దేశంలో లైసెన్సు వచ్చింది 2025 జూన్‌లో. అంత మాత్రాన అమెరికాలో బావగారు వాడిన డిష్‌ను సూట్‌కేసులో తెచ్చి డాబా మీద బిగించుకోవచ్చని కాదు. 2024 నవంబరులో ఇక్కడి సముద్రంలో టన్నుల కొద్దీ మత్తుమందుతో దొరికిన పడవలో అలాంటి పరికరమే ఉంది. అనుమతి లేని ఉపగ్రహ ఫోనుకైనా, డిష్‌కైనా ఇక్కడ తగిలే ప్రశ్నలు మామూలుగా ఉండవు.

అపోహ: ఐలాండర్ కార్డు లేనిదే కనెక్షన్ ఇవ్వరు.

ద్వీపవాసులకు ఇచ్చే ఆ గుర్తింపు కార్డు ఓడ టికెట్ల రాయితీ లాంటివాటికి. నెట్‌కు ఆధార్, అద్దె ఒప్పందం లేదా క్వార్టర్ కేటాయించిన కాగితం చాలు.

అపోహ: గాజు తీగకు తుప్పేంటి, ఉప్పు గాలి ఏం చేస్తుంది?

తీగకు ఏమీ కాదు. దాన్ని పట్టుకున్న ఇనుప కొక్కెం పొడిపొడిగా రాలిపోతుంది. అడాప్టరు పిన్ను పచ్చగా చిలుము పడుతుంది, ల్యాన్ వైరు చివర కూడా అంతే. ఒడ్డుకు దగ్గరి ఇళ్లలో రూటరు కిటికీ పక్కన పెట్టకండి. స్పేర్ అడాప్టరు ఒకటి, మంచి ల్యాన్ వైరు ఒకటి వచ్చేటప్పుడే తెచ్చుకోండి. ఇక్కడ కొట్లో అయిపోతే, చెన్నై నుంచి ఓడ మీద రావాలంటే మూడు రోజులు, అదీ సముద్రం ఒప్పుకుంటేనే.