"మా ఇంటికి మొక్క అచ్చిరాదు": బాల్కనీ తోటపై అపోహలు, వాస్తవాలు

ఎనిమిదేళ్లుగా హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో బాల్కనీ తోటలు వేసి ఇస్తున్నాను. కొత్త ఇంటికి వెళ్లిన ప్రతిసారీ ముందుగా వినిపించే మాట, "మా చేతికి మొక్క బతకదండీ" అని. ఆ మాట అనుకుని కుండీలు ఖాళీగా వదిలేసినవాళ్లను చూస్తే బాధేస్తుంది.

అపోహ: కొందరి ఇంటికి మొక్కలు అచ్చిరావు.

వాస్తవం: కుండీలో మొక్కలు చనిపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం అతిగా నీళ్లు పోయడం. మియాపూర్‌లో ఐదో అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ "ఇది నాలుగో తులసి, ఇదీ నిలిచేలా లేదమ్మా" అన్నారు. కుండీ ఎత్తితే రాయిలా ఉంది. కింది పళ్లెం నిండా నీళ్లు. మట్టిగడ్డతో సహా మొక్కను బయటికి తీశాను. తెల్లగా, గట్టిగా ఉండాల్సిన వేళ్లు గోధుమరంగుకు తిరిగాయి. పట్టుకుంటే పైపొర వేలికి జారి వచ్చేసింది. మురుగు వాసన. ఆవిడ రోజూ స్నానం చేసి, చెంబెడు నీళ్లు పోసి ప్రదక్షిణ చేస్తారు. ఎప్పుడూ నానుతున్న ఆ మట్టిలో వేళ్లకు గాలి అందడం లేదు. "పూజకు ఉద్ధరిణెడు చాలమ్మా, చెంబెడు నీళ్లు మట్టి ఆరినప్పుడే పోయండి" అని చెప్పి, పళ్లెం తీసేసి కొత్త మొక్క నాటాను. ఆ ఐదో తులసి ఇప్పుడు గుబురుగా పెరిగి వెన్నులు వేస్తోంది.

వేలును రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చండి. తడి తగిలితే ఆ రోజుకు నీళ్లు వద్దు. మే నెలలో రోజూ పోయాల్సి రావచ్చు, వానాకాలంలో వారం దాకా అక్కర్లేకపోవచ్చు.

అపోహ: మా బాల్కనీకి ఎండ రాదు, ఏమీ పండవు.

వాస్తవం: ఏ నెలలో చూసి చెబుతున్నారు? హైదరాబాద్‌లో ఏటా మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం మన నీడ కాళ్ల కిందే ఉంటుంది. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. అందుకే ఎదురుగా మరో భవనం అడ్డు లేకపోతే, వేసవిలో ఉత్తరపు బాల్కనీలోకి ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ వస్తుంది. దక్షిణపు బాల్కనీది దీనికి తిరగబడిన కథ. మేలో నీడగా ఉండే ఆ చోటికే డిసెంబరులో ఎండ బాగా లోపలికి వస్తుంది. టమాటా, మిరపకు ఆ చలికాలమే అదను, వాటికి ఆరు గంటల ఎండ కావాలి. పాలకూర, మెంతికూర, తోటకూరకు మూడు నాలుగు గంటలు చాలు, కాబట్టి తూర్పు బాల్కనీ ఉన్నవాళ్లు ధైర్యంగా మొదలుపెట్టవచ్చు. పుదీనా, పొన్నగంటి అంతకంటే తక్కువకూ సర్దుకుంటాయి. పడమటి బాల్కనీకి ఏప్రిల్, మే నెలల్లో ఆకుపచ్చ నీడవల తప్పదు.

మొక్కలు కొనడానికి ముందు ఒక సెలవురోజు సుద్దముక్క తీసుకుని తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి ఎండ అంచు ఎక్కడుందో నేలమీద గీత గీయండి. నేను ఏ ఇంట్లోనైనా చేసే మొదటి పని ఇదే.

అపోహ: కుండీ అడుగున గులకరాళ్లు వేస్తే నీళ్లు త్వరగా దిగుతాయి.

వాస్తవం: నేనూ మొదట్లో వేసేదాన్ని. సన్నటి మట్టి బాగా నానిపోతే తప్ప నీటిని రాళ్లలోకి వదలదు. కాబట్టి ముద్దగా నానే పొర అలాగే ఉంటుంది, రాళ్ల మందం మేరకు పైకి, వేళ్లకు దగ్గరగా జరుగుతుంది. అడుగున రంధ్రాలు ఉండాలి, వాటిమీద మట్టి జారిపోకుండా కొబ్బరి పీచు వేస్తే సరిపోతుంది.

అపోహ: కొబ్బరి పొట్టు ఉంటే మట్టి అక్కర్లేదు.

వాస్తవం: అది తడిని పట్టి ఉంచుతుంది, అందులో పోషకాలు నామమాత్రం. కడగని పొట్టులో ఉప్పు కూడా ఉంటుంది, ఒకటి రెండుసార్లు నీళ్లు మార్చి పిండాలి. అలాగని ఎర్రమట్టి ఒక్కటే నింపినా కష్టమే. అడుగు వెడల్పు కుండీ తడిస్తే 25 కిలోల దాకా తూగుతుంది, పైగా గట్టిపడుతుంది. మట్టి, పొట్టు, వానపాముల ఎరువు సమపాళ్లలో, గుప్పెడు వేపపిండి. నా కుండీలన్నిటికీ ఇదే కలిపి నింపుతాను.

అపోహ: టీ పొడి, గుడ్డు పెంకులు నేరుగా కుండీలో వేస్తే మంచి బలం.

వాస్తవం: పాలు, చక్కెర అంటిన టీ పొడికి చీమలు, బూజు పడతాయి. కడిగి, ఆరబెట్టి కంపోస్టు డబ్బాలో వేయండి. పెంకుల్లోని సున్నం మట్టిలో కరగడానికి చాలా కాలం పడుతుంది.

అపోహ: నాలుగు కుండీలు పెడితే గదిలో గాలి శుద్ధి అవుతుంది.

వాస్తవం: ఈ మాటకు మూలమైన 1989 నాటి నాసా ప్రయోగం గాలి చొరబడని పెట్టెల్లో జరిగింది. 2019లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, ఇంట్లోకి బయటి గాలి వచ్చిపోవడం వల్ల మామూలుగా జరిగే శుద్ధికి మొక్కలు సాటి రావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలి. మొక్కను మొక్క కోసమే పెంచుకోండి.

అపోహ: వంటింటి ధనియాలు మొలవవు.

వాస్తవం: వేయించనివి, మరీ పాతబడనివి అయితే మొలుస్తాయి. ఒక్కో ధనియంలో రెండు బద్దలు, రెండు విత్తనాలు. అప్పడాల కర్రతో పొడి కాకుండా మెల్లగా నలిపి, రాత్రంతా నానబెట్టి, ఆరంగుళాల లోతున్న తొట్టిలోనే చల్లండి. నారు పీకి నాటితే కొత్తిమీర నిలవదు. పది రోజులకు పచ్చటి దారాల్లాంటి మొలకలు తలెత్తుతాయి, నలభై రోజులకు కోతకు వస్తుంది. వేసవిలో చల్లితే ఆకు పెట్టకముందే పూతకు వెళ్తుంది కాబట్టి సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి లోపు వేసుకోండి, పదిహేను రోజులకో తొట్టి చొప్పున.